బావను ‘మీరు’ అన్న రోజు

మంగళవారం సాయంత్రం నేతానీ వెలుగుతున్న కాగడాతో సహా ఈతకొలనులో పడ్డాడు. కాగడా ఆరిపోయింది. నడుముకు కట్టుకున్న ఆకుల కుచ్చు విడిపోయి నీటిమీద పరుచుకుంది. చేతిలోని యుద్ధగద అడుక్కి పోయింది. ఒంటికి పూసుకున్న మసి కరిగి ఆ మూలంతా నల్లబడింది. చుట్టూ కుర్చీల్లో వాలి ఉన్న అతిథులు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. బ్రిస్బేన్ నుంచి వచ్చిన ఒకావిడ పిల్లల్ని ముందుకు తోసి, “రేపు కూడా ఇదే టైముకా?” అని అడిగింది.

నేతానీ మెడదాకా నీళ్ళలో నిలబడి, “వర్షం లేకపోతేనండీ” అని మర్యాదగా చెప్పాడు.

దీనంతటికీ కారణం అతని కుడికాలి బొటనవేలు.

ఆ వేలి సంగతి అప్పటిదాకా మా రిసార్టులో ఎవరికీ తెలియదు, నాకు తప్ప. నేను లాండ్రీలో పనిచేస్తాను. యుద్ధవీరుడి వేషం ఉతికేదీ ఆరేసేదీ మేమే, అతను వేషం కట్టేదీ విప్పేదీ మా గదిలోనే. ఇక ఇంట్లో అతని భార్య లితియానాకు తెలుసు. ఆమె రాత్రిపూట దుప్పటి కప్పబోతే అంచు వేలికి తగిలి, అంత మనిషీ చంటిపిల్లాడిలా ఏడ్చాడట.

నేతానీ ఉద్యోగం గురించి చెప్పాలి. పొద్దు సముద్రంలోకి దిగే వేళకు ఒడ్డున నల్లరాతి మీద నిలబడి శంఖం ఊదాలి. ఆ తర్వాత కాగడా పట్టుకుని, కేకలు పెడుతూ, తోట దారి పొడుగునా పాతిన దివిటీలను పరుగెత్తుతూ వెలిగించుకుంటూ రావాలి. చివరి దివిటీ భోజనశాల గుమ్మం పక్కన ఉంటుంది. అది వెలిగితేనే వంటవాళ్ళు గిన్నెల మూతలు తీస్తారు. కుర్రతనంలో ఒకనాడు ఊరినుంచి చేపలు అమ్మడానికి వచ్చాడట. ఆ రోజు అసలు వీరుడు ఎవరి పెళ్ళికో పోయి రాలేదు. ఈ చేపలవాడి భుజాలు చూసి, పట్టుకుని, వేషం కట్టేశారు. చేపలు వంటింట్లోకి పోయాయి, మనిషి ఇక్కడే ఉండిపోయాడు. ఇప్పుడు అతనికి యాభై దగ్గరపడుతోంది. చర్చి పాటల్లో అతని గొంతు కింది స్వరం పట్టిందంటే బెంచీలు అదురుతాయి.

వేలు వాచిన కొత్తలో లితియానా అతన్ని పట్నం ఆసుపత్రికి లాక్కుపోయింది. యూరిక్ యాసిడ్ అన్నారు. నర్సు ఎదురుగా కూర్చోబెట్టి జాగ్రత్తలు చెప్పింది.

“డబ్బా చేపలు మానెయ్యాలి.”

“సరే.”

“డబ్బా మాంసం మానెయ్యాలి.”

“సరే.”

“పీతలు, ఆల్చిప్పలు, గొర్రె కార్జం, బీరు.”

నేతానీ కాసేపు ఆలోచించాడు. “సిస్టర్, ఊపిరి పీల్చుకోవడం ఉండొచ్చా, అదీ మానెయ్యాలా?”

“కర్రపెండలం తినండి. ఎంతైనా తినొచ్చు.”

“దాన్ని ఏదో ఒకదానితో నంజుకోవాలి కదమ్మా!”

“నీళ్ళతో నంజుకోండి. బాగా నీళ్ళు తాగాలి. పరుగు మాత్రం అసలు వద్దు.”

“నా ఉద్యోగమే పరుగు.”

“అయితే వేరే ఉద్యోగం చూసుకోండి” అని నర్సు తర్వాతి మనిషిని పిలిచింది.

నేతానీ వేరే ఉద్యోగం చూసుకోలేదు. వేరే పరుగు చూసుకున్నాడు. నొప్పి ఎక్కువైన రోజున కుడికాలు పైకి మడిచి, ఎడమకాలి మీద గెంతుతూ, మామూలుకన్నా రెట్టింపు గట్టిగా కేక పెట్టి దివిటీలు వెలిగించేవాడు. మా గైడు పిల్ల తడుముకోకుండా “ఇది మా పూర్వీకుల ఒంటికాలి యుద్ధరీతి” అని అతిథులకు చెప్పేసింది. మర్నాటినుంచి అతిథుల పిల్లలందరూ ఒంటికాలి మీద గెంతడం మొదలుపెట్టారు. అందులో ఇద్దరు మెట్లమీద పడ్డారు. ఒక గడ్డపాయన మాత్రం అంతా వీడియో తీసుకుని, ఎప్పుడూ ఎడమకాలి మీదే ఎందుకని అడిగాడు.

“కుడికాలు శత్రువుకోసం దాచుకుంటాం” అన్నాడు నేతానీ.

ఇలా నెట్టుకొస్తూ వచ్చి, ఆ మంగళవారం ఎవరో అడ్డంగా వదిలేసిన కుర్చీకాలికి సరిగ్గా ఆ వేలే తగిలి, కొలనులో పడ్డాడు.

తడిసినవాడిని మా గదిలోకి తెచ్చి తువ్వాళ్ళు చుట్టాం. అందరూ పోయాక, “తమ్ముడూ, ఇక చాలు. చెప్పేసెయ్యి, మానెయ్యి” అన్నాను.

అతను వేలువైపు చూసుకుంటూ కూర్చున్నాడు. “అక్కా, ఇన్నేళ్ళూ నేను శంఖం ఊదితేనే పొద్దు మునుగుతోందని అనుకుంటున్నాను. ఇంట్లో కూర్చున్నాక కూడా అది మామూలుగానే మునిగిందనుకో, నేనేమైపోవాలి?”

నేను ఏదో ఓదార్పు చెప్పబోయాను. అతనే మళ్ళీ, “అదీగాక ఇంట్లో ఉంటే లితియానా వంటలో ఉప్పు గురించి మాట్లాడతాను. అప్పుడు ఆమె నన్ను చంపుతుంది” అన్నాడు. రెండూ నిజమే.

మా మేనేజరు గ్రేమ్ న్యూజిలాండ్ మనిషి. మోకాళ్ళదాకా మేజోళ్ళు వేసుకుంటాడు. మంచివాడు. కొలనులోంచి నేతానీని పైకి లాగినవాళ్ళలో ఆయన కూడా ఉన్నాడు, పండిన టమాటాలాంటి ఆ వేలిని కళ్ళారా చూశాడు. వాపు తగ్గేదాకా కూర్చుని చేసే పని ఇమ్మని, కొలను పక్కన తువ్వాళ్ళ బల్ల దగ్గర వేశాడు.

వేషం తియ్యమని ఎవరూ చెప్పలేదు కాబట్టి నేతానీ వేషంలోనే వచ్చాడు. ముఖాన మసి, మెడలో పంది కోరలు, ఒళ్ళో గద. బల్ల వెనక కళ్ళు పెద్దవి చేసి కూర్చున్నాడు. ఆ పూట ఒక్క తువ్వాలు కూడా పోలేదు. తీసుకోవడానికి ఒక్కరూ రాలేదు. అతిథులందరూ నీళ్ళు కారుతూ భోజనశాలలోకి నడిచారు. పొద్దు వాలగానే నేతానీ బల్లకు దండం పెట్టి, శంఖం తీసుకుని, గెంతుకుంటూ దివిటీల దగ్గరికి పోయాడు.

గ్రేమ్ అప్పుడు ఇలైతియాను పిలిచాడు. తోటపనికీ ఆటపాటలకూ పెద్ద అతనే. పొట్టిగా, గుండుతో, చిన్న బొజ్జతో ఉంటాడు. “నేతానీకి అర్థమయ్యేలా చెప్పు. పరుగు ఆపాలి. తువ్వాళ్ళ దగ్గరైనా కూర్చోవాలి, మర్యాదగా పనైనా మానుకోవాలి. మళ్ళీ పడితే నాకు నిద్రపట్టదు” అన్నాడు.

ఇక్కడే వచ్చింది చిక్కు. ఇలైతియా నేతానీకి మేనమామ కొడుకు. ఈ ద్వీపాల్లో తవలే అంటారు, మన మాటలో బావ. మన దగ్గర బావలు వేళాకోళమాడుకుంటారు. వీళ్ళ దగ్గర బావలు వేళాకోళం తప్ప ఇంకోటి ఆడుకోరు. బావ నోట వచ్చిన మాట ఏదైనా సరే, నవ్వడానికే.

ఇలైతియా వచ్చి మా గుమ్మంలో నిలబడ్డాడు. “ఒరే కుంటిపీతా! నీ ఉద్యోగం ఊడింది, ఇంటికి పో.”

నేతానీ తల ఎత్తాడు. “ఊడిందా? నీ జుట్టులాగానా బావా?”

“నిజంగానే చెప్తున్నానురా. మేనేజరు చెప్పమన్నాడు.”

“మేనేజరు చెప్పమన్నాడట! అక్కా, విన్నావా? మొన్న వీడు నేను చచ్చిపోయానని చెప్పి మా ఊరినుంచి అరటిగెల తెప్పించుకున్నాడు.”

“అది వేరు! ఇది నిజం! రేపు వచ్చావంటే నీ వేలు కోసి ఎరగా వాడతాను!”

నేతానీ ఇస్త్రీబల్ల పట్టుకుని నవ్వాడు. మేమూ నవ్వాం. ఇలైతియా కూడా ఆపుకోలేక నవ్వేశాడు. మర్నాడు నేతానీ మామూలుగానే వచ్చాడు.

“చెప్పావా?” అని గ్రేమ్ అడిగితే, “చెప్పాను సార్. నేను ఎంత బాగా చెప్తే అంత బాగా నవ్వుతున్నాడు” అన్నాడు ఇలైతియా.

పోనీ ఇంకెవరైనా చెప్పాలంటే ఎవరున్నారు? నేతానీ చెల్లెలు మా వంటింట్లోనే పనిచేస్తుంది. కానీ పెరిగి పెద్దయిన అన్నాచెల్లెళ్ళు ఇక్కడ ఒకరితో ఒకరు సూటిగా మాట్లాడుకోరు, అది గౌరవం. మేనమామ రోపాతే ముసలాయన ఉన్నాడు. మేనల్లుడు ఏది అడిగినా ఇచ్చి పంపాల్సినవాడే గానీ మేనల్లుడి చేతిలోది వదిలెయ్యమనే నోరు ఆయనకు లేదు. లితియానా ఉంది. ఆమెను అడిగితే, “అయ్యో, పగలంతా ఇంట్లోనా? కుంటుతూనైనా మీ దగ్గరే ఉండనివ్వండి” అంది.

చివరికి గ్రేమ్ తనే చెప్తానన్నాడు. గదిలో కూర్చోబెట్టి, టీ ఇచ్చి, చాలా మెత్తగా మొదలుపెట్టాడట. ప్రతి మనిషి జీవితంలోనూ ఒక వేళ వస్తుందన్నాడు. సముద్రాన్ని వదలడం కష్టమే అన్నాడు. ఒళ్ళు ముఖ్యం, ఇల్లు ముఖ్యం అన్నాడు. చెప్తూ చెప్తూ ఆయనే ముక్కు చీదుకున్నాడు. నేతానీ లేచి ఆయన్ని గట్టిగా కౌగిలించుకుని, కళ్ళు తుడుచుకుంటూ మా గదికి వచ్చాడు.

“పాపం అక్కా. మేనేజరు వెళ్ళిపోతున్నాడు.”

“ఎక్కడికి?”

“ఇంటికి. ఒంట్లో బాగాలేదనుకుంటా. పైకి చెప్పుకోలేక ఎంత బాధపడ్డాడో.”

మధ్యాహ్నానికల్లా రిసార్టంతా పాకింది. తోటవాళ్ళు పూలదండ కట్టారు. వంటవాళ్ళు కొబ్బరికేకు చేశారు. గ్రేమ్ భోజనానికి వచ్చేసరికి అందరం వరసలో నిలబడి వీడ్కోలు పాట ఎత్తుకున్నాం. నేతానీ ముందుకు వచ్చి, ఇంత మంచి మేనేజరు మళ్ళీ దొరకడని ఉపన్యాసం ఇచ్చాడు. గ్రేమ్‌కు ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ అంతమంది అంత ప్రేమగా పాడుతుంటే ఏ మనిషి తట్టుకుంటాడు? మెడలో దండతో నిలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు. ఏడ్చి, కేకు తిని, గదిలోకి పోయి ఇలైతియాను పిలిచి, “నేను ఎక్కడికి వెళ్తున్నాను?” అని అడిగాడు.

విషయం తెలిశాక మెడలోని దండ తీసి బల్లమీద పెట్టి, ఈసారి మెత్తగా మాట్లాడలేదు. “శనివారంలోగా తేలాలి. లేకపోతే నేను నాందీ పట్నం నుంచి కొత్త మనిషిని తెప్పిస్తాను. నేతానీ ఇక్కడ గేటు కూడా దాటడానికి వీల్లేదు. నాకు ఇష్టమై కాదు, ఇలైతియా. నిప్పు పట్టుకుని పడుతున్నాడు.”

ఇలైతియా ఆ సాయంత్రం తండ్రి రోపాతే దగ్గరికి పోయి కూర్చున్నాడు. ముసలాయన అంతా విని, “బావగా చెప్తే వినడు. బావగా చెప్పకు” అన్నాడు.

“మరెలా చెప్పను?”

“మీరు అని చెప్పు.”

శుక్రవారం మధ్యాహ్నం. దుప్పట్ల మూటలు వచ్చాయి, ఇస్త్రీ నడుస్తోంది. నేతానీ కాలు బకెట్లో పెట్టుకుని కూర్చుని ఏదో పాట లాగుతున్నాడు. గుమ్మంలోకి ఇలైతియా వచ్చాడు. ఆదివారం చర్చికి కట్టే నల్ల పంచె, మెడదాకా బొత్తాలు పెట్టిన తెల్ల చొక్కా. రెండు చేతుల్లో యాంగోనా మొక్క ఎండువేళ్ళ కట్ట. పెద్దల ముందు ఏదైనా మనవి చెయ్యాలంటే పట్టుకొచ్చే కట్ట అది. వంగి నడుస్తూ లోపలికి వచ్చి, నేలమీద బాసింపట్టు వేసుకుని, తల దించుకుని కూర్చున్నాడు.

“నేతానీ గారూ, తమతో ఒక మాట మనవి చేసుకోవాలని వచ్చానండీ.”

నేతానీ పకాలున నవ్వాడు. ఎవరూ నవ్వలేదు. మళ్ళీ కొంచెం చిన్నగా నవ్వి ఆగిపోయాడు.

“ఏమిట్రా ఈ వేషం?”

“మీ ఆరోగ్యం ఎలా ఉందండీ?”

నేతానీ ముఖం పాలిపోయింది. కాలు బకెట్లోంచి తీశాడు. “ఎవరు పోయారు? మామయ్యా?”

“ఎవరూ పోలేదండీ. నాన్నగారు బాగున్నారు. మిమ్మల్ని అడిగానని చెప్పమన్నారు.”

“బావా, అండీ అనకురా. నాకు భయమేస్తోంది.” అతను ముందుకు వంగాడు. “ఒక్కసారి తిట్టు. కుంటిపీత అను. పీతకూడా వద్దులే, కుంటి అను చాలు.”

“అనలేనండీ.”

ఇస్త్రీ చేసే అమ్మాయి పెట్టె పక్కన పెట్టేసింది. ఇలైతియా కట్టను ముందుకు జరిపి, నేలవైపే చూస్తూ చెప్పాడు.

“మీరు కొలనులో పడ్డప్పటినుంచి, మీరు రోజూ పరుగెత్తుతుంటే నేను చెట్లచాటున మీ వెనకే పరుగెత్తుతున్నానండీ. పడితే పట్టుకుందామని. మీరు పడితే నేనూ ఆగలేక మీమీదే పడతానని తెలుసు. ఇద్దరం కలిసి పోతాం. అయినా పరుగెత్తుతున్నాను. ఇక నావల్ల కావడం లేదండీ. రేపటినుంచి మీరు పరుగు మానెయ్యాలి. లేకపోతే మిమ్మల్ని గేటు లోపలికి రానివ్వరు. ఇది వేళాకోళం కాదండీ.”

ఆ చివరి మాట అక్కర్లేదు. అతను మొదటిసారి ‘మీరు’ అన్నప్పుడే నేతానీకి అర్థమైపోయింది. అతని కళ్ళు నిండాయి. ఇలైతియా కళ్ళు అంతకుముందే నిండి ఉన్నాయి. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోకుండా కూర్చున్నారు. నేను దుప్పటి అంచుతో ముఖం తుడుచుకుని, అది మళ్ళీ ఉతకాల్సిన మూటలో పడేశాను.

నేతానీ నెమ్మదిగా కుర్చీలోంచి దిగి, నొప్పికాలు పక్కకు చాపి, నేలమీద కూర్చున్నాడు. రెండు చేతులూ దొప్పలా చేసి చప్పుడయ్యేలా కొట్టి, కట్ట అందుకున్నాడు. అందుకున్నాక ఇక తిరుగులేదు.

“మీ మాట విన్నానండీ. పరుగు మానేశాను” అన్నాడు.

అతను కట్టను ఒళ్ళో సర్దుకున్నాడు. ఆ తర్వాత అదే మర్యాదతో అడిగాడు.

“మీ నాన్నగారు నాకు మేనమామ అవుతారు కదండీ?”

“అవుతారండీ.”

“మేనమామ ఇంట్లోది ఏదైనా అడిగి తీసుకునే హక్కు నాకుంది కదండీ?”

“ఉందండీ. కాదనేవాళ్ళు లేరు.” ఇలైతియా ముక్కు తుడుచుకున్నాడు. “పంది కావాలాండీ? పెద్దది ఉంది. ఇప్పుడే పంపిస్తాను.”

“మాంసం వద్దన్నారండీ నర్సు. నాకు మీరు కావాలి.”

“నేనా అండీ?”

“మీ కాళ్ళు. రేపటినుంచి నేను కూర్చుని శంఖం ఊదుతాను. నా బదులు మీరు పరుగెత్తండి. ఎలాగూ రోజూ చెట్లచాటున పరుగెత్తుతున్నారట కదా, కాస్త దారిలోకి రండి.”

ఇలైతియా కట్టవైపు చూశాడు. కట్ట తెచ్చింది తనే. హక్కు ఉందన్నది తనే. అతని గుండు మెల్లగా ఎర్రబడటం మేమందరం చూశాం.

“ఒరేయ్... అడవిపందీ!” అన్నాడు.

“తిట్టాడు!” నేతానీ రెండు చేతులూ పైకెత్తి అరిచాడు. “అక్కా, బావ తిట్టాడు! మళ్ళీ తిట్టు బావా!”

“గున్న ఏనుగా! దొంగ తాబేలూ! నీ వేలు వాచినట్టు నీ నాలుక వాచ!”

ఇద్దరూ ఒకరిమీద ఒకరు పడి ఏడుస్తూ నవ్వుతూ దొర్లుతుంటే బకెట్ తన్నుకుని గదంతా నీళ్ళయింది. గోల విని గ్రేమ్ పరుగెత్తుకొచ్చాడు. నేలమీద కొట్టుకుంటున్నారనుకుని విడదీయబోయి, ఆయనా తడిశాడు.

“చెప్పావా?” అని ఇలైతియాను అడిగాడు.

“చెప్పాను సార్. పరుగు మానేశాడు.”

“మరి రేపు దివిటీలు ఎవరు వెలిగిస్తారు?”

అందరం ఇలైతియా బొజ్జవైపు చూశాం. గ్రేమ్ కూడా చూశాడు. చాలాసేపు చూసి, “నిప్పు పట్టుకున్న మనిషి పడకుండా ఉంటే చాలు” అని మేజోళ్ళు పిండుకుంటూ వెళ్ళిపోయాడు.

శనివారం సాయంత్రం నల్లరాతి పక్కన పెద్ద పేముకుర్చీ వేశాం. నేతానీ పూర్తి వేషంలో అందులో కూర్చున్నాడు. కాలికింద మా లాండ్రీ దిండు. శంఖం ఊదాడు. కూర్చుంటే ఊపిరి ఎక్కువ అందుతుంది కాబోలు, ఆ శబ్దానికి కొబ్బరిచెట్టు మీది కాకులన్నీ లేచాయి. ఇలైతియా చెయ్యి చాపాడు. నేతానీ కాగడా అందించాడు గానీ వేళ్ళు వెంటనే విడవలేదు. ఇలైతియా లాగలేదు. ఎంతసేపైనా అలా నిలబడేవాడే. నేతానీయే వదిలాడు.

వదిలిన మరుక్షణం, “పరుగెత్తు బావా!” అని బొబ్బ పెట్టాడు. “నీ గుండు చూసి శత్రువు పున్నమి అనుకుని నిద్రపోతాడు, తొందరగా పో!”

“నోరు ముయ్యి, వాచిన వేలా!”

“బొజ్జ ముందు వెళ్తోంది, నువ్వు ఎప్పుడొస్తావ్?”

ఇలైతియా ప్రతి దివిటీ దగ్గరా ఆగి, రొప్పుతూ, వెనక్కి తిరిగి ఒక తిట్టు విసిరి, ముందుకు దూకాడు. నేతానీ కుర్చీలోంచి అంతకన్నా పెద్దది విసిరాడు. వాళ్ళ భాష రాని అతిథులు కూడా కడుపు పట్టుకున్నారు. గైడు పిల్ల “ఇది మా పూర్వీకుల తిట్ల యుద్ధరీతి” అని మొదలుపెట్టింది, ఈసారి అది నిజమే. కొందరు తమ కుర్చీలు లాక్కొచ్చి నేతానీ చుట్టూ వేసుకున్నారు. చివరి దివిటీ వెలిగేసరికి వంటవాళ్ళే గిన్నెలు వదిలి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. అన్నం చల్లారింది, ఎవరూ ఏమీ అనలేదు.

అన్నది ఒక్కడే. మెల్‌బోర్న్ నుంచి వచ్చినాయన, మెడలో బారెడు కెమెరా. నేరుగా పేముకుర్చీ దగ్గరికి వచ్చి, ఇంత దూరం యుద్ధవీరుడిని చూడటానికి వచ్చాననీ, మా ప్రకటనలో వీరుడు నిప్పుతో పరుగెత్తుతున్నాడనీ, దిండుమీద కాలు పెట్టుకుని కూర్చున్న యుద్ధవీరుడిని తన జన్మలో ఎక్కడా చూడలేదనీ గట్టిగా ఫిర్యాదు చేశాడు.

నేతానీ ఆయన్ని పైనుంచి కిందిదాకా ప్రేమగా చూసి, “యుద్ధం అయిపోయిందండీ, గెలిచినవాళ్ళం కూర్చున్నాం” అన్నాడు.